కుర్చీ మారిన అత్తగారు

గురువారం పొద్దున ఎలోయ్ బార్బెజా పెట్టుకున్న పనులు మూడు. గడ్డం గీసుకోవాలి. చేతులు తోముకోవాలి. మధ్యాహ్నం మేడం వోషరో ఇంట్లో దూడమాంసం కూర తిని, ఆవిడ కూతురు జెలీని తనకిచ్చి పెళ్ళి చేయమని అడగాలి.

మొదటి పని అయింది. రెండో పని దగ్గరే ఆగిపోయాడు. 'కుంటి కందిరీగ' అనే వారపత్రికకు ఎగతాళి బొమ్మలు గీసి బతికే మనిషి అతను. ఆ బొమ్మలు గీసేది కాగితం మీద కాదు, అచ్చుకు వెళ్ళే రాతిపలక మీద, జిడ్డు పెన్సిలుతో. ఆ నలుపు గోళ్ళ సందుల్లోకి దిగిందంటే సబ్బుకు లొంగదు, నిమ్మకాయకూ లొంగదు. మేడం వోషరో ముందే చెప్పింది. "చేతులు తెల్లగా ఉంటేనే నా గడప తొక్కు. గొడుగుల కొట్టు దుపరేని చూడు, ఆ చేతులు పాలతో కడిగినట్టుంటాయి." దుపరే కూడా జెలీని అడిగాడన్న సంగతి ఆవిడ విడిగా చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

చేతులు ఎర్రబడేదాకా తోమాడు. ఇంట్లో కూచోలేక, వేళ కాకుండానే అద్దె కోటు తగిలించుకుని వీధిలో పడ్డాడు. మలుపులో ముసలి బబెత్ పత్రికల కొట్టుంది. తాడుకు ఆరేసిన బట్టల్లా పత్రికలు వేలాడుతున్నాయి. అందులో ఆ పొద్దుటి 'కుంటి కందిరీగ', మొదటి పేజీ నిండా అతని బొమ్మ.

ఎలోయ్ ఆగాడు. చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

కుర్చీ కుడి పక్కన ఉంది.

నాట్యశాలలో ప్రతి నర్తకికీ ఒక తల్లి ఉంటుంది. ప్రతి తల్లికీ రంగం పక్కన ఒక కుర్చీ ఉంటుంది. నల్ల శాలువా, నల్ల టోపీ, కాళ్ళ కింద కుంపటి, ఒళ్ళో అల్లిక, పక్కన తిండి బుట్ట. తల్లులందరి వేషం ఒకటే కాబట్టి అక్కడ మనిషిని ముఖం చూసి గుర్తుపట్టరు, కుర్చీ చూసి గుర్తుపడతారు. ప్రేక్షకుల కంటికి ఎడమ పక్కది తోట వైపు, కుడి పక్కది ముంగిలి వైపు అని అక్కడి వాడుక. తోట వైపు మొదటి కుర్చీ ప్రధాన నర్తకి ఓర్టాన్స్ తల్లి మేడం దెల్‌బ్రెల్‌ది. ముంగిలి వైపు మొదటి కుర్చీ మేడం వోషరోది. ఆవిడ కూతురు జెలీ వెనక వరసలో చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడే పిల్లే. అయినా ఆ కుర్చీ ఆవిడకు ఎలా దక్కిందంటే, అందరికంటే ముందొచ్చి కూచుంటుంది కాబట్టి.

ఎలోయ్ గీసింది మేడం దెల్‌బ్రెల్‌ని. బతికున్న మనిషిని ఎగతాళి చేసి అచ్చు వేయాలంటే ఆ మనిషి సంతకం ఉండాలని చక్రవర్తి గారి శాసనం. దెల్‌బ్రెల్ సంతకం పెట్టింది కూడా. బొమ్మలో ఆ తల్లి నోరు తెరిచి గుర్రు పెడుతోంది. ఏడాది చందా కట్టి తెర వెనక తిరిగే హక్కు కొనుక్కున్న ముసలి పెద్దమనిషి ఒకడు, కూతురి కోసం తెచ్చిన మిఠాయి పెట్టెతో వంగి నిలబడ్డాడు. తల్లి కళ్ళు మూతపడే ఉన్నాయి గాని చెయ్యి మాత్రం బారున చాపి ఉంది. కింద ఒక వాక్యం: "తల్లి నిద్రపోయినా చెయ్యి నిద్రపోదు."

రాతి మీద గీసింది కాగితం మీదికి తిరగబడి వస్తుంది. ఎడమన రావాలంటే కుడిన గీయాలి. పని నేర్చుకునేవాడికి మొదటి రోజు చెప్పే పాఠం ఇది. కాని మొన్న సోమవారం, సరిగ్గా నమూనా కాగితాన్ని తిప్పి రాతి మీద పరవబోతుండగా, కిటికీ కింద నుంచి జెలీ చెయ్యి ఊపుతూ వెళ్ళింది. ఎలోయ్ కూడా చెయ్యి ఊపాడు. కాగితం తిప్పడం మరిచాడు. కింద వాక్యం చెక్కేది వేరే పనివాడు. ఎలోయ్ సంతకం అక్షరాలు కాదు, చిన్న ఈగ బొమ్మ. ఈగ ఎటు తిప్పినా ఈగే. తప్పు పట్టిచ్చే గుర్తు ఒక్కటీ లేకపోయింది.

అంటే ఇప్పుడు పారిస్ కంటికి మిఠాయి కోసం చెయ్యి చాపి గుర్రు పెడుతున్నది మేడం వోషరో. దూడమాంసం కూర పొయ్యి మీద ఉడుకుతోంది.

"బబెత్తమ్మా, ఈ పత్రికలు ఎన్నున్నాయి?"

"నువ్వు గీసిందేగా. నువ్వే కొనుక్కోవడమేంటి?"

"అన్నీ ఇచ్చెయ్."

బబెత్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూసింది. "ఒంట్లో బాగుందా నాయనా?"

"లేదు. త్వరగా ఇయ్యి."

కట్ట చంకలో పెట్టుకుని రెండో కొట్టుకు పరిగెత్తాడు. అక్కడున్నవీ కొన్నాడు. అతను మూడో కొట్టుకు చేరేలోగా బబెత్ పక్క కొట్టువాడితో అంది, వాడు ఇంకొకడితో అన్నాడు. ఈ వారం కందిరీగలో ఏదో ఉందట, కట్టలు కట్టలు ఎత్తుకుపోతున్నారట. మూడో కొట్టు దగ్గర జనం వరస కట్టి ఉన్నారు. తన బొమ్మ కోసం ఎలోయ్ ఆ వరసలో ఆఖరున నిలబడాల్సి వచ్చింది.

"దేని గురించండీ ఈ తొక్కిసలాట?" అని ముందున్నాయన్ని అడిగాడు.

"తెలీదు. అయిపోయేలోగా కొనాలట."

ఎలోయ్ వంతు వచ్చేసరికి అయిపోయాయి. అచ్చు కచేరీ నుంచి రెండో దఫా బండిలో వస్తోందని కొట్టువాడు సంతోషంగా చెప్పాడు.

ఎలోయ్ చేతులు చూసుకున్నాడు. తడి ఆరని అచ్చు. మోచేతుల దాకా నలుపు.

కట్టలను కోటు లోపల దోపుకుని, ఏడో నెల గర్భిణిలా మేడం వోషరో ఇంటికి చేరాడు. ఆవిడ పత్రిక చూసేలోగా కాళ్ళ మీద పడి చెప్పేయాలి. తలుపు తాళం వేసి ఉంది. లోపల్నుంచి మాడు వాసన. మెట్ల కింద కావలి ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"ఇప్పుడా రావడం? వెళ్ళిపోయింది మహాతల్లి."

"ఎక్కడికి?"

"నాట్యశాలకి. పాలమనిషి ఏదో పత్రిక తెచ్చిచ్చింది. చూసింది. చూసి మిరపపండులా అయిపోయింది. ఆదివారం టోపీ పెట్టుకుంది, గొడుగు పట్టుకుంది. 'ఇవాళ తేలిపోవాలి, నేనెవరో తెలియాలి వాళ్ళకి' అంటూ దిగిపోయింది."

"గొడుగా? వాన లేదుగా."

"నేనూ అదే అనుకున్నా."

"మరి కూర?"

"పొయ్యి మీదే వదిలేసింది. ఈ ఇంట్లో కాపురమున్నన్నాళ్ళూ ఆవిడ కూర మాడగా నేను చూళ్ళేదు బాబూ. నీ మొహమేంటి అలా ఉంది? నువ్వేమన్నా చేశావా?"

ఎలోయ్ అప్పటికే వీధి వైపు తిరిగాడు. కూర వదిలేసి వెళ్ళిన ఆడమనిషి దేనికైనా తెగిస్తుంది.

ఇక ఎడిటరే గతి. వచ్చే వారం సవరణ వేయిస్తే కొంత ఊపిరి తిరుగుతుంది. ఎడిటర్ లాగార్దెల్ అతన్ని చూడగానే లేచి కౌగిలించుకున్నాడు. కోటు లోపల కట్టలు కరకరలాడాయి.

"ఏమయ్యా, ఏం బొమ్మయ్యా అది! మూడో దఫా అచ్చు వేస్తున్నాం. ఎవరో పిచ్చివాడు కొట్ల వెంట తిరిగి కట్టలు కట్టలు కొంటున్నాడట. అలాంటి పాఠకులు పదిమంది ఉంటే చాలు."

అప్పుడు గదిలో రెండో మనిషి దగ్గాడు. కిటికీ దగ్గర సన్నగా, బూడిద రంగు కోటుతో కూచుని ఉన్నాడు. బొమ్మల తనిఖీ కచేరీ అధికారి. ఒళ్ళో పత్రిక.

"ఈ కుర్చీలో ఉన్నావిడ ఎవరండీ?" అన్నాడు చాలా మర్యాదగా.

"మేడం దెల్‌బ్రెల్," అన్నాడు ఎడిటర్. "సంతకం మా దగ్గరుంది."

"దెల్‌బ్రెల్ గారిది తోట వైపు. నేనూ నాట్యశాలకి వెళ్తుంటాను. ఇది ముంగిలి వైపు. అంటే వోషరో. ఆవిడ సంతకం ఏది?"

"ముక్కు చూడండి. అచ్చంగా దెల్‌బ్రెల్ ముక్కు."

"ఎగతాళి బొమ్మల్లో ముక్కులన్నీ ఒకటే. సాయంత్రం నేను ఆటకి వెళ్తున్నా. తెర దిగేలోగా వోషరో గారి సంతకం నా చేతిలో పెట్టండి. లేకపోతే పత్రిక మూత. బొమ్మ గీసినాయన జైల్లో గోడల మీద గీసుకోవచ్చు. అక్కడ సంతకాలు అడగరు."

అధికారి వెళ్ళాక ఎడిటర్ ఎలోయ్ వైపు తిరిగాడు. ఇందాకటి కౌగిలి తాలూకు ఛాయ ఎక్కడా లేదు.

"ఆవిడ నీకేమవుతుంది?"

"మధ్యాహ్నం నుంచి అత్తగారు కావలసింది."

"అయితే వెళ్ళి సంతకం పట్రా. కాళ్ళు పట్టుకో. పట్టుకునే ముందు చేతులు కడుక్కో."

సాయంత్రం దాకా నాట్యశాల చుట్టూ తిరిగి, ఆట మొదలయ్యే వేళకు ధైర్యం కూడగట్టుకుని వెనక ద్వారంలో దూరాడు. కోటు లోపల కట్టలు అలాగే ఉన్నాయి. వీధిలో పారేస్తే నలుగురూ ఏరుకుని చదువుతారు. ఇంటికెళ్ళే వ్యవధి లేదు. ముంగిలి వైపు తెరల మధ్య, పట్టు పూరేకులు నింపిన బుట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. అంతలో అటు నుంచి మేడం వోషరో గొంతు ఖంగున వినిపించింది.

"ఆ బొమ్మలవాడు దొరకనీ. రెండు చేతులా పట్టుకుంటా. ఇక వదిలే ప్రశ్నే లేదు."

ఎలోయ్ ఒక బుట్టలో రేకులు పైకి తీశాడు, కట్టలు కింద కుక్కాడు, రేకులు పైన కప్పాడు. వెనక వేలాడే తెరగుడ్డ చాటుగా పరిగెత్తి రంగం దాటి, తోట వైపు తేలాడు. తేలింది సరాసరి మేడం దెల్‌బ్రెల్ మోకాళ్ళ ముందు.

"రావయ్యా, రా," అంది ఆవిడ అల్లిక దించి. "నా ముక్కు నీకు సంతకం పెట్టి మరీ ఇచ్చాను. దాన్ని తీసుకెళ్ళి ఎవరికి పెట్టావు?"

"పొరపాటు జరిగింది మేడం. రాయి..."

"పొద్దున్నుంచి ఎవ్వరూ నా మొహం చూడ్డంలేదు. జనమంతా ఆ పక్కకి పోతున్నారు. చందా కట్టే ఆ మార్క్వీస్ గారు మిఠాయి పెట్టె పట్టుకుని నా ముందు నుంచే నడిచి అటు వెళ్ళారయ్యా. నా ముందు నుంచే."

బదులు చెప్పేలోగా తెర లేచింది. ఇక కదలడానికి లేదు. పల్లెపడుచుల వేషాల్లో అమ్మాయిలు బుట్టలు పట్టుకుని రంగం మీదికి దూకారు. ఎలోయ్ కళ్ళు నులుముకున్నాడు. చెట్టుకొమ్మ పట్టుకోవలసిన జెలీ ముందు వరసలో ఉంది. నడి మధ్యలో. చేతిలో బుట్ట.

ఏ బుట్టో అతనికి ఆ దూరం నుంచే తెలిసింది.

వేణువు మోగింది. అమ్మాయిలు బుట్టలెత్తి పూరేకులు విసిరారు. జెలీ బుట్ట బరువుగా ఉన్నట్టుంది, రెండు చేతులా ఊపి విసిరింది. ముందు రేకులు ఎగిరాయి. వాటి వెనక 'కుంటి కందిరీగ' ఎగిరింది. కట్ట తాడు తెగి, కాగితాలు కొంగల గుంపులా దీపాల మీదుగా ప్రేక్షకుల్లోకి, వాద్యగాళ్ళ మీదికి, రంగమంతా పరుచుకున్నాయి. ఒకటి పెద్ద బాకా నోట్లో పడి దాని గొంతు నొక్కేసింది. అప్పుడే ఓర్టాన్స్ మునివేళ్ళ మీద ప్రవేశించింది. ఒక కాగితం మీద కాలు వేసి తోట వైపు నుంచి ముంగిలి వైపు దాకా ఆగకుండా జారి, అక్కడ కూర్చుండిపోయింది. ఆ అడుగు నాట్యం మాస్టారు ఎన్నడూ నేర్పలేదు. అన్ని చప్పట్లూ ఆమెకు ఎన్నడూ రాలేదు. సభలో పెద్దమనుషులు కాగితాలు ఏరుకుని, రంగం కుడి పక్కకు వేళ్ళు చూపి నవ్వుతున్నారు.

తెర దించేశారు.

ఎలోయ్ రంగం మీదుగా పరిగెత్తి మేడం వోషరో కుర్చీ ముందు మోకరిల్లాడు. ఆవిడ రెండు చేతులూ చాపి ముందుకు వంగింది. పీక పట్టుకుంటుందనుకుని అతను ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"మేడం, అది మీరు కాదు. ఒట్టేసి చెప్తున్నా. నేను గీసింది దెల్‌బ్రెల్ గారిని. రాతి మీద తిప్పి గీయడం మరిచిపోయా, కుర్చీ ఇటొచ్చింది. మిమ్మల్ని గీయాలని నాకు కలలో కూడా లేదు."

చాపిన చేతులు గాలిలో ఆగిపోయాయి. ఆదివారం టోపీ కింద ముఖం వాడిపోయింది. అప్పుడు చూశాడు ఎలోయ్. ఆవిడ ఒళ్ళో అల్లిక లేదు, మిఠాయి పెట్టెలు ఉన్నాయి.

"నన్ను కాదా?" అంది మేడం వోషరో చిన్న గొంతుతో. "ఈ కుర్చీలో పడి ఉన్నాను ఇన్నేళ్ళుగా. ఇవాళ పొద్దున ద్వారం దగ్గరాయన మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు నన్ను. మా చెల్లెలికి కూడా ఒక ప్రతి పంపాను."

జెలీ ఖాళీ బుట్టతో వచ్చి నిలబడింది. "బొమ్మకెక్కిన తల్లి కూతురు ఎవరని మాస్టారు అడిగారు. అడిగి ముందు వరసలోకి పిలిచారు. అది కాస్తా ఊడగొట్టావు. అమ్మకు కూర మాడిపోయినా లెక్కలేదివాళ, తెలుసా? నిన్ను కౌగిలించుకోవాలని పొద్దున్నుంచి వెతుకుతోంది."

"మరి గొడుగు?" అన్నాడు ఎలోయ్ అయోమయంగా.

"దుపరేకి తిరిగిచ్చేయడానికి. అతను బహుమానమిచ్చిన గొడుగు అది."

అంతలో ఎన్నడూ తన పక్క వదలని మేడం దెల్‌బ్రెల్ రంగం దాటి వచ్చింది. వెనక తనిఖీ అధికారి, ఆయన వెనక వగరుస్తూ ఎడిటర్.

"విన్నారుగా అందరూ?" అంది దెల్‌బ్రెల్. "గుర్రు పెట్టింది నేను. చెయ్యి చాపింది నేను."

"నీ చెయ్యి నిద్రలోనే చాపుతావా?" అంది వోషరో. "మెలకువలో దాన్ని ముడిచింది ఎవరు చూశారు?"

"అందుకే కదా బొమ్మ వేసింది. నీ చేతిలో ఎవడైనా ఏమైనా పెట్టాడా ఇన్నేళ్ళలో?"

నిరూపణ కావాలంది దెల్‌బ్రెల్. ఎవరో ఒక నిలువుటద్దం తెచ్చారు. పత్రికను దాని ముందు పట్టుకుంది. అద్దంలో కుర్చీ తోట వైపు చేరింది. "చూడండి. ఎవరు అది? నేను."

అధికారి వంగి చూశాడు. తల ఊపాడు. ఎడిటర్ ముఖం తేటపడింది. సంతకం ఉన్న మనిషే బొమ్మలో ఉంది. పత్రిక బతికింది. ఎలోయ్ కూడా బతికినట్టే. కాని జెలీ బుట్ట కింద పెట్టి వెనక వరసలో తన చెట్టుకొమ్మ ఉన్న వైపు నడవడం మొదలుపెట్టింది.

మేడం వోషరో కుర్చీలోంచి లేచింది.

"అయ్యా అధికారి గారూ, ఒక్కమాట. పత్రిక కొన్నవాళ్ళు అద్దంలో చూసి కొన్నారా?"

అధికారి నిటారుగా అయ్యాడు. ఆలోచించాడు. మళ్ళీ కాగితం వైపు చూశాడు, అద్దంలో కాదు. "లేదు," అన్నాడు. "శాసనం అచ్చయినదానికే వర్తిస్తుంది. అయితే గీసినవాడు చెప్పాలి. ఏమయ్యా, ఇందులో ఉన్నది ఎవరు?"

"ఆవిడ పేరు చెప్పావంటే," అంది దెల్‌బ్రెల్ మెల్లగా, "రేపట్నుంచి తెర వెనక నీ నీడ పడదు. మా ఓర్టాన్స్ ఒక్క మాటంటే చాలు."

ఎడిటర్ ఎలోయ్ కోటు లాగాడు. తెర వెనకకు ప్రవేశం లేని బొమ్మలవాడంటే చెరువు లేని చేప. జెలీ నడక ఆపింది గాని వెనక్కి తిరగలేదు.

"మేడం వోషరో," అన్నాడు ఎలోయ్.

"గుర్రు పెడుతూనా?" అంది వోషరో.

"గుర్రు పెడుతూనే."

"చెయ్యి చాపి?"

"బారున చాపి."

"మరి ఇందాక కాదన్నావు."

"భయపడి అబద్ధమాడా. నిద్రలో కూడా కూతురిని కనిపెట్టుకుని ఉండే తల్లి ఈ నాట్యశాల మొత్తం మీద మీరొక్కరే. ఇంకెవరిని గీస్తాను?"

మేడం వోషరో కలం అడిగింది. ఎడిటర్ ఇచ్చాడు. ఆవిడ ఆ పత్రిక మీదే తీరిగ్గా, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేసింది. అధికారి దాన్ని ఊది ఆరబెట్టి జేబులో పెట్టుకున్నాడు. నాట్యం మాస్టారు జెలీని చూసి, బుట్ట తీసుకుని ముందు వరసలోకి రమ్మని సైగ చేశాడు.

"ఆదివారం భోజనానికి రా," అంది మేడం వోషరో ఎలోయ్‌తో. అతని చేతులు చూసింది. "ఎలా ఉన్నా సరే, రా."

మేడం దెల్‌బ్రెల్ అప్పటికే తన కుర్చీ వైపు రెండడుగులు వేసి ఆగింది. వెలివేసిన వాడు బొమ్మ గీయడు కదా అన్న ఆలోచన ఆవిడకు ఆ రెండడుగుల్లోనే తట్టినట్టుంది. తిరిగి వచ్చి, ఎలోయ్ చెవి దగ్గర గొంతు తగ్గించింది.

"వచ్చే గురువారం నన్ను వెయ్యి. ఆవిడ ముక్కు కంటే పెద్ద ముక్కు కావాలి. కుర్చీ మాత్రం తోట వైపు ఉండాలి. ఈసారి తప్పిందో, చూడు మరి."

ఈసారి తప్పలేదు. శనివారమంతా కిటికీ మూసుకుని గీశాడు. నమూనా కాగితం తిప్పాడు, తిప్పానా లేదా అని అద్దంలో చూశాడు, పక్కింటివాణ్ణి పిలిచి చూపించాడు. కుర్చీ తోట వైపే.

ఆదివారం కూర మాడలేదు. జెలీ పక్కన కూచుంది. పెళ్ళి వసంతంలో అనుకున్నారు. దుపరే పేరు ఎవ్వరూ ఎత్తలేదు.

"వచ్చే వారం ఎవర్ని గీశావు అల్లుడూ?" అంది మేడం వోషరో గరిటె పట్టుకుని.

"దెల్‌బ్రెల్ గారిని అత్తగారూ. మాటిచ్చాను కదా. తోట వైపు మొదటి కుర్చీలో."

"ముక్కు పెద్దదేనా?"

"సొరకాయంత."

"మిఠాయి పెట్టెలు?"

"ఒళ్ళు కనపడనన్ని."

"మంచిది," అని ఆవిడ ఇంకో గరిటె కూర వడ్డించింది. "ముందు వరస పిల్ల తల్లి ఏ పక్క కావాలంటే ఆ పక్క కూచోవచ్చటగా? మాస్టారు చెప్పారు."

ఎలోయ్ నోటినిండా కూర ఉండడంతో తల ఊపాడు.

గురువారం పత్రిక కొట్లకు చేరేసరికి, మేడం వోషరో తన కుర్చీని తోట వైపు మొదటి స్థానానికి మార్పించుకుని, చెయ్యి చాపి నిద్రపోతోంది.